వానల్లో పుట్టిన ఆట, తెనాలి లో వంగిన కర్ర

స్నూకర్ అనగానే నల్ల వెయిస్ట్ కోటు, బో టై, చీమ చిటుక్కుమన్నా వినపడే హాలు, ఇంగ్లీషు వాళ్ళ మొహాలు గుర్తొస్తాయి. మన ఆఫీసుల్లో లంచ్ తర్వాత పూల్ టేబుల్ చుట్టూ జరిగే గోలకీ దానికీ ఏ చుట్టరికమూ లేదనిపిస్తుంది. కానీ ఆ ఆట పుట్టింది మన దేశం లోనే. 1875 లో, జబల్‌పూర్ సైనికుల మెస్సు లో, అదీ నిఖార్సయిన వానాకాలం లో. బయటికి అడుగు పెట్టే వీల్లేక బిలియర్డ్స్ బల్ల చుట్టూ చేరిన కుర్ర ఆఫీసర్లు, అప్పటికే ఆడుతున్న ఆటలకి ఒక్కో రంగు బంతీ కలుపుకుంటూ పోయారు. కలిపిన వాడి పేరు నెవిల్ చాంబర్లేన్ (హిట్లర్ తో ఒప్పందం చేసుకొచ్చిన ప్రధానమంత్రి చాంబర్లేన్ కాదండోయ్, ఈయన వేరు). ఇంగ్లండ్ లో వూలిచ్ మిలిటరీ అకాడమీ లో కొత్తగా చేరిన కేడెట్ ని ఎగతాళిగా 'స్నూకర్' అనేవాళ్ళట. తేలిక బంతి వెయ్యలేకపోయిన తోటి ఆఫీసర్ ని చాంబర్లేన్ ఆ మాట అన్నాడు. చివరికి ఆటకే ఆ పేరు తగులుకుంది. 1882 లో రూల్సన్నీ రాసి ఊటీ క్లబ్బు బిలియర్డ్స్ గది లో పెట్టారు. ఇదంతా నేనే చేశానని ఆయన 1938 లో ఒక పత్రికకి ఉత్తరం రాసేదాకా సగం మందికి ఈ సంగతి తెలీదు.

ఊటీ అప్పట్లో మద్రాసు ప్రభుత్వానికి వేసవి విడిది. మా తెనాలి అప్పుడు కృష్ణా జిల్లా లో ఉండేది (గుంటూరు జిల్లా మళ్ళీ విడిగా ఏర్పడింది 1904 లో). అంటే మా డెల్టా రైతులు కట్టిన శిస్తు ఏ ప్రభుత్వానికి చేరేదో, ఆ ప్రభుత్వం ఎండాకాలం లో కొండెక్కి కూర్చున్న ఊళ్ళోనే ఈ ఆటకి రూల్సు పుట్టాయన్నమాట. ఆ రకంగా మనకీ ఇందులో కొంచెం వాటా ఉంది :)

ఈ కథ చాలా చోట్ల చదివాను. ఒక్క విషయం మాత్రం ఎవరూ పట్టించుకున్నట్టు కనపడదు. ఆ వానల్లో, ఆ ముసురులో, వాళ్ళ చేతుల్లో ఉన్న కర్రల గతేమయింది?

నాకెందుకీ గోల అంటారా? ఇంజనీరింగ్ రోజుల్లో తెనాలి లో మేం ఆడుకునే హాలు ఒకటుండేది. మేడ మీద, రెండు పూల్ టేబుళ్ళు, పది పన్నెండు కర్రలు. ఓనరు గారిది ఒకటే సిద్ధాంతం. కర్ర వంకర పోయిందంటే ఎవడో దాని మీద ఒరిగాడనో, కోపంతో బల్లకేసి కొట్టాడనో అర్థం. ఆఖర్న ఎవడి చేతిలో కనపడితే వాడు 300 కట్టాలి. ఏటా ఆగస్టు నుంచి నవంబరు దాకా ఇదే తంతు. మా బ్యాచ్ లో అందరికన్నా బాగా ఆడేవాడు ఒకడుండేవాడు. ఇంట్లో ఇచ్చే డబ్బులు బస్సుకీ టీకీ బొటాబొటిగా సరిపోయేవి వాడికి. రెండుసార్లు జరిమానా కట్టి, మూడోసారి "నేను వంచలేదు మావా" అని గట్టిగా అరిచి, ఆ తర్వాత ఇక రాలేదు. వాడు కర్రని ఎంత అపురూపంగా పట్టుకునేవాడో నేను చూశాను. మరి ఎవడు వంచినట్టు?

కొంచెం వెనక్కెళదాం. బిలియర్డ్స్ బల్ల చరిత్ర చూస్తే ఒక తమాషా కనపడుతుంది. తేమ పెట్టే బాధ పడలేక ఆ ఆట లోంచి కర్ర లాంటి సహజమైన సరుకంతా ఒక్కోటిగా బయటికి పోయింది.

ముందు పోయింది బల్ల పై చెక్క. మొదట్లో బల్ల పైభాగం చెక్కే. ఎంత మంచి చెక్కయినా కాలం మారితే ఉబ్బి, ఎండి, ఎత్తుపల్లాలు వచ్చేవి. 1826 ప్రాంతం లో లండన్ లో జాన్ థర్స్టన్ అనే ఆయన చెక్క తీసేసి పలక రాయి వేశాడు. చిన్నప్పుడు మనం అ ఆ లు దిద్దిన పలక రాయే. అది నీళ్ళు తాగదు, వంగదు. ఇవాళ్టికీ మంచి టేబుల్ అంటే రాతి టేబులే. తర్వాత అంచుల వంతు. గుడ్డ కూరిన కుషన్ల బదులు రబ్బరు పెట్టారు. ఇంగ్లండ్ చలికి ఆ రబ్బరు రాయిలా బిగుసుకుపోతుంటే, ఆటకి ముందు వేడినీళ్ళు పోసిన రేకు డబ్బాలు ఆనించి దాన్ని మెత్తబరిచేవాళ్ళు. గంధకం కలిపి రబ్బరుని గట్టిపరిచే పద్ధతి వచ్చాక, 1845 కల్లా ఆ బెడద వదిలింది.

బంతులది ఇంకా పెద్ద కథ. ఏనుగు దంతం కూడా చెక్కలాగే తేమకి ఉబ్బుతుంది, అదీ అన్ని వైపులా ఒకేలా కాదు. గుండ్రంగా తీసిన బంతి నాలుగు నెలలకి కోడిగుడ్డు వాటం లోకి పోయేది. చలి దేశం నుంచి వేడి దేశానికి తెస్తే పగిలేది కూడా. పైగా ఏనుగులు తరిగిపోయి దంతం ధర ఆకాశానికంటింది. 1863 లో అమెరికా లో దంతానికి బదులు సరుకు కనిపెట్టిన వాళ్ళకి పదివేల డాలర్లు అని ప్రకటిస్తే, దాని వెంట పడ్డ జాన్ వెస్లీ హయత్ 1869 లో సెల్యులాయిడ్ దగ్గర తేలాడు. సినిమా రీళ్ళకీ, దువ్వెనలకీ దారి తీసిన ప్లాస్టిక్ పరిశ్రమకి ఒక పునాది బిలియర్డ్స్ బంతి అంటే నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. ఇప్పుడు బంతులు ఫినాలిక్ రెజిన్ వి. మా తెనాలి ఉక్క వాటిని ఏమీ చెయ్యలేదు.

బల్ల రాయి అయింది, అంచు రబ్బరు అయింది, బంతి ప్లాస్టిక్ అయింది. పైన పరిచే ఉన్ని గుడ్డ ఒకటి తేమకి బరువెక్కుతుంది, అందుకే పెద్ద టోర్నమెంట్లలో పలక రాయి కింద హీటర్లు పెట్టి తేమని తరిమేస్తారు. కర్ర మాత్రం కర్రగానే మిగిలింది. స్నూకర్ కి యాష్, పూల్ కి మేపుల్. రెండూ చలి దేశపు చెట్లే.

మన వడ్రంగిని అడిగితే మేపుల్ గురించి ఒకే ముక్క చెబుతాడు: చేవ లేదు. వెటకారం కాదు, అక్షరాలా నిజం. క్యూ కోసం ఏరేది తెల్లటి మేపుల్, అంటే చెట్టు పైపొర లోని చెక్క. మన దగ్గర ఆ పొరని చెక్కి పారేసి, లోపలి చేవనే ద్వారబంధానికి వాడతారు. అమెరికా వాళ్ళ లెక్కల ప్రకారం పచ్చి చెక్క పూర్తిగా ఎండేసరికి మేపుల్ చుట్టువాటుగా 9.9 శాతం, యాష్ 7.8 శాతం కుంచించుకుపోతాయి. టేకు 5.8 శాతమే. తలుపులకి టేకు రాజెందుకయిందో ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది.

ఇక్కడొక మెలిక ఉంది. భాద్రపదం లో మీ ఊళ్ళో ఇంటి తలుపు బిగుసుకుపోవడం గుర్తు తెచ్చుకోండి. తలుపు వెడల్పు లో ఉబ్బుతుంది, పొడుగు లో కాదు. కర్ర నార వెంబడి పెరగడం చాలా తక్కువ, పచ్చి నుంచి పూర్తి ఎండు దాకా 0.1 నుంచి 0.2 శాతం లోపే. క్యూ అంటే పొడుగే కదా. మరి ఎందుకు వంగుతుంది?

ఆ కొద్దిపాటి పెరుగుదల రెండు పక్కలా సమానంగా లేకపోతే వంగుతుంది. చెట్టు గాలికి ఒరిగి పెరిగితే ఒక పక్క నార వేరుగా ఉంటుంది. చెట్టు నడిమధ్య లేత చెక్క అయితే పొడుగు లో కూడా బాగా కదులుతుంది. కోసేటప్పుడు నార ఏటవాలుగా తెగినా అంతే. మెకానికల్ చదివి కోడ్ రాసుకుంటున్న వాణ్ణి, ఎప్పుడో వదిలేసిన బీమ్ ఫార్ములా దుమ్ము దులిపి లెక్క కట్టాను. క్యూ పొడవు 58 అంగుళాలు, అంటే 147 సెంటీమీటర్లు. సగటు మందం 2 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక పక్క కన్నా ఎదుటి పక్క పదివేలలో ఒక వంతు ఎక్కువ సాగిందనుకోండి. మొత్తం తేడా 0.15 మిల్లీమీటర్లు, జిరాక్స్ కాగితం ఒకటిన్నర మందం. దానికి కర్ర మధ్యలో వచ్చే వంపు దాదాపు 1.3 మిల్లీమీటర్లు. బల్ల మీద దొర్లిస్తే ఎవడికైనా కనపడుతుంది. (దొర్లించి చూడటం పూర్తిగా నమ్మకమైన పద్ధతి కాదనుకోండి. ఒక కన్ను మూసి బాణం చూసినట్టు కర్ర వెంబడి చూడటమే మేలు.)

ఇప్పుడు తెనాలి సంగతి. 1855 లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు వచ్చి డెల్టా అంతా మాగాణి అయింది. మా ఊరి మధ్య నుంచే మూడు కాలవలు పోతాయి, అందుకే ఆంధ్రా పారిస్ అని మురిసిపోతాం. చుట్టూ నీళ్ళు నిలబడ్డ వరి, దక్షిణాన సముద్రం. వానాకాలం రాత్రి గాలి లో తేమ 85 శాతం ఉంటే, ఆ గాలి లో చాలా రోజులు ఉన్న కర్ర తన బరువు లో 17 శాతం పైగా నీళ్ళు దాచుకుంటుంది. ఏసీ గది లో తేమ 50 శాతం అయితే కర్రలో 9 శాతం. మే నెల మధ్యాహ్నం పడమటి వడగాలి తోలి, తేమ 35 శాతానికి వస్తే 7 శాతం దగ్గరికి దిగుతుంది. లోపలిదాకా తేమ ఎక్కడానికీ దిగడానికీ రోజులు పడుతుంది, పైపొర మాత్రం గంటల్లోనే మారిపోతుంది.

మా హాలు లో ఏసీ సాయంత్రం నాలుగింటికి వేసి రాత్రి పదకొండింటికి కట్టేసేవాళ్ళు. కిటికీ పక్క గోడకి చెమ్మ. కర్రలన్నీ ఆ గోడకే ఏటవాలుగా ఆనించి ఉండేవి.

1960 లో ఆస్ట్రేలియా లో ఆర్మ్‌స్ట్రాంగ్, కింగ్‌స్టన్ అనే ఇద్దరు ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. బరువు మోస్తున్న చెక్క, తేమ స్థిరంగా ఉంటే కొద్దిగానే వంగుతుంది, ఆ తేమ ఎక్కువైనా సరే. తేమ మారుతూ ఉంటే మాత్రం అదే బరువుకి ఎన్నో రెట్లు వంగుతుంది. తడిసి ఎండే ఒక్కో చుట్టుకీ మొత్తం మీద ఇంకొంచెం జారుతుంది. గోడకి ఏటవాలుగా నిలబెట్టిన క్యూ తన బరువు తానే మోస్తోంది కదా. పగలు ఏసీ, రాత్రి ఉక్క, వెనక చెమ్మ గోడ. ఇంతకన్నా పకడ్బందీగా కర్ర వంచే యంత్రం కావాలని చేద్దామన్నా కుదరదు. మా వాడు కట్టిన ఆరొందలు ఏసీ స్విచ్ కట్టాల్సినవి.

అసలు నన్ను బాధపెట్టే విషయం కూడా ఇదే. ఒక వాతావరణానికి చేసిన వస్తువుని ఇంకో వాతావరణం లోకి తెచ్చి, అది చెడితే వాడినవాడికి వాడటం రాదనడం మనకి బాగా అలవాటు. దొరలు నయం. మన దేశానికి పంపే పియానోలకి, జిగురు నమ్మకుండా ఇత్తడి మరలు బిగించి పంపేవాళ్ళు. జంతువుల తోలూ ఎముకలూ ఉడికించి తీసే ఆ కాలపు జిగురు మన ఉక్కకి మెత్తబడిపోతుందని వాళ్ళకి తెలుసు.

ఇంకా బాగా తెలిసినవాళ్ళు మన దగ్గరే ఉన్నారు. కొండపల్లి లో బొమ్మ చెక్కే ముందు తెల్ల పొణికి కర్రని సన్నటి సెగ మీద పెట్టి లోపలి తేమంతా తీసేస్తారు. పల్లెల్లో తుమ్మ దుంగని కొట్టగానే వాడరు, నెలల తరబడి చెరువు లో నానేసి తర్వాత నీడన ఆరబెడతారు. నీళ్ళ లో నానేస్తే ఎండటమేమిటి అని నాకు చిన్నప్పుడు వింతగా ఉండేది. పురుగుకి తిండి అయ్యే సరుకంతా నీళ్ళ లోకి దిగిపోతుంది, తర్వాత కర్ర నిదానంగా ఆరుతుంది.

వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక వాళ్ళది మరో దారి. తరిణె మీద అంకుడు కర్ర తిప్పుతూ లక్క పూస్తారు. ఆ పూత అందానికే అనుకుంటాం. అమెరికా ప్రభుత్వపు చెక్క పరిశోధనశాల ఒకటి మాడిసన్ లో ఉంది. ఏ పూత తేమని ఎంత ఆపుతుందో వాళ్ళు వరసపెట్టి పరీక్షించారు. రెండు మూడు పూతల లక్క మెరుగ్గా నిలబడింది. ఇంగ్లీషు క్యూలకి తరతరాలుగా రుద్దే అవిసె నూనె దాదాపు ఏమీ ఆపలేదు. అలాగని క్యూ మొత్తానికీ లక్క పూసెయ్యలేం. చెమట పట్టిన వేళ్ళ మధ్య అది అతుక్కుంటుంది. అందుకే చేతి పక్క లావు భాగానికి పూత ఉంటుంది, బంతిని కొట్టే సన్న భాగం బోసిగా ఉంటుంది. త్వరగా తేమ పీల్చేదీ అదే, త్వరగా వంగేదీ అదే.

నాకు అన్నిటికన్నా నచ్చింది బొబ్బిలి వీణ. బొబ్బిలి పక్కన గొల్లపల్లి లో పనస దుంగ ఒక్కటి తీసుకుని అందులోంచే వీణ అంతా తొలుస్తారు. ఏకాండి వీణ అంటారు. పొడవాటి దండి, దాని మీద ఏడు తీగల లాగుడు, బయట ఉత్తరాంధ్ర సముద్రపు గాలి. క్యూ కన్నా కష్టమైన బతుకు అది. ఒక్క దుంగ కావడం వల్ల అతుకు దగ్గర విడిపోయే గొడవ ఉండదు. అయినా కర్ర కర్రే, ఎంతో కొంత కదులుతుంది. దాని జవాబు మెట్ల దగ్గర ఉంది. వీణ మెట్లు ఇరవై నాలుగూ కర్రలోకి దిగ్గొట్టరు, గిటార్ లా. మైనం మీద కూర్చోబెడతారు. కొన్నేళ్ళకి దండి కదిలి శ్రుతి తేడా వస్తే, మైనం కరిగించి మళ్ళీ మేళం కడతారు. కర్ర కదలకూడదని శాసించకుండా, కదిలినప్పుడు సరిదిద్దే చోటు ముందే వదిలిపెట్టారు. మన రిలీజుల్లో ఈపాటి ఆలోచన ఉంటే శుక్రవారం రాత్రులు నిద్రపోయేవాళ్ళం.

క్యూ చేసేవాళ్ళు వేరే దారి పట్టారు. ముక్కలుగా కోసి, నార దిక్కు మార్చి అతికించిన షాఫ్టులు 1990ల లో వచ్చాయి. ఒక ముక్క వంగాలని చూస్తే పక్క ముక్క పట్టి ఆపుతుంది. గత పదేళ్ళలో పూల్ ఆటగాళ్ళు కార్బన్ ఫైబర్ వైపు గట్టిగా జరిగారు. తేమతో దానికి పని లేదు. స్నూకర్ పెద్దవాళ్ళలో ఎక్కువమంది ఇంకా యాష్ నే పట్టుకున్నారు, చేతికి తెలిసే స్పర్శ వేరంటారు. ఆ యాష్ కీ రోజులు బాలేవు. అమెరికా లో 2002 లో బయటపడ్డ ఆకుపచ్చ పురుగు ఒకటి కోట్ల చెట్లని తినేసింది, యూరప్ లో 1990ల నుంచి బూజు తెగులు పట్టింది. చౌక క్యూలకి వాడే రామిన్ అనే బోర్నియో వైపు చెక్క అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ లో ఉంది. బల్ల లాగా, బంతి లాగా కర్ర కూడా చివరికి కర్ర కాకుండా పోయే లాగే ఉంది.

అప్పటిదాకా, తెనాలి లోనో బాపట్ల లోనో రేపల్లె లోనో చెక్క క్యూ కొనుక్కున్నవాళ్ళకి నాకు తెలిసిన నాలుగు ముక్కలు. గోడకి ఆనించొద్దు. సన్న కొసకి క్లిప్పు పెట్టి మేకుకి వేలాడదీయండి, దాని బరువే దాన్ని నిటారుగా ఉంచుతుంది. బయటి గోడకి కాదు, లోపలి గోడకి. ఆడాక చెమట పొడి గుడ్డతో తుడవండి. ఏసీ ఆఫీసు లోంచి తీసి మే నెల ఎండ లో కారు డిక్కీ లో పడెయ్యొద్దు. రోజూ ఏసీ వేసి తీసే గది కన్నా, అసలు ఏసీ లేని గదే దానికి నయం. ఇంత చేసినా ఒకటి రెండు మిల్లీమీటర్లు వంగిందా, కర్ర పారెయ్యక్కర్లేదు, ఎవరి దగ్గరా జరిమానా గుంజక్కర్లేదు. వంపు ఎటు ఉందో చూసి, లావు భాగం మీద ఆ వైపు చిన్న గుర్తు పెట్టండి. ప్రతి షాట్ కీ గుర్తు పైకి ఉండేలా పట్టుకుంటే వంపు నిలువు లోకి వస్తుంది, బంతి పక్కకి పోదు.